టెస్ట్ సెట్టింగులు, లైవ్ సెట్టింగులు: మన చిన్న టీములకు ఏ పద్ధతి నప్పుతుంది?

బరంపురంలో బట్టల షాపుకి బిల్లింగు, జయపురంలో రైస్ మిల్లుకి స్టాకు లెక్క, గుణుపురంలో కోచింగ్ సెంటరుకి ఫీజుల యాప్, పర్లాకిమిడిలో నర్సింగ్ హోముకి టోకెన్ల పని. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో వెబ్ పని చేసుకునే తెలుగువాళ్ళకు వచ్చే ప్రాజెక్టులు ఎక్కువగా ఇలాంటివే. టీము అంటే ఇద్దరో ముగ్గురో. అందులో ఒకరు వచ్చే ఏడాదికి విశాఖలోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరిపోతారు. సెట్టింగుల గురించి నెట్‌లో దొరికే సలహాలేమో వందమంది ఇంజనీర్లున్న కంపెనీల కోసం రాసినవి. అవి చదివి కొందరు అక్కర్లేని సరంజామా నెత్తికెత్తుకుంటారు. ఇంకొందరు ఇదంతా మనకెందుకులే అని లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కోడ్‌లోనే రాసి పడేస్తారు.

వాడుకలో ఉన్న పద్ధతులు ఐదు. వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పేముందు నా లెక్క ఒకటి చెప్తాను. చాలామంది సెట్టింగులను టెస్టు (మనం పరీక్షించుకునేది), లైవు (కస్టమర్లు వాడేది) అని రెండుగా చీలుస్తారు. అంతకంటే ముందు చీల్చాల్సింది రహస్యం ఏది, రహస్యం కానిది ఏది అని. అది తేలితే ఏ పద్ధతి ఎంచుకోవాలో సగం దానంతటదే తేలిపోతుంది.

ముందు మూడు కుప్పలు పోయండి

ప్రాజెక్టులో ఉన్న సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాయండి. మొదటి కుప్పలో రహస్యాలు: డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే సీక్రెట్, ఎస్సెమ్మెస్ కంపెనీ ఇచ్చిన కీ, లాగిన్ సెషన్లకు ముద్ర వేసే కీ. ఇవి టెస్టుకి వేరు, లైవుకి వేరు. మామూలు అక్షరాల్లో, చదవగలిగే రూపంలో గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచే పరికరంలోకి) వెళ్ళకూడదు, టెస్టువైనా సరే.

రెండో కుప్పలో మారేవే కానీ రహస్యం కానివి. డీబగ్ (తప్పుల వివరాలు తెరమీద చూపించే మోడ్) ఆన్‌లో ఉండాలా వద్దా, సైటు అడ్రసు ఏమిటి, లాగ్ ఎంత వివరంగా రాయాలి, మెయిల్ నిజంగా పంపాలా లేక ఫైల్‌లో రాసి ఊరుకోవాలా. వీటిని కూడా రహస్యాలతో కలిపి సర్వర్‌లో దాచేసే అలవాటు చాలామందికి ఉంది. నాకది నచ్చదు. ఇవి గిట్‌లో ఉంటే ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో తెలుస్తుంది. సర్వర్‌లో చేత్తో మార్చిన సెట్టింగుకి చరిత్ర ఉండదు. మార్చినవాడు ఊరు మారితే అడగడానికి మనిషి కూడా ఉండడు.

మూడో కుప్పను దాదాపు అందరూ మర్చిపోతారు: రెండు చోట్లా ఒకేలా ఉండి తీరాల్సినవి. డేటాబేస్ ఏది, ఏ వెర్షను, అక్షరాల ఎన్‌కోడింగ్, టైమ్ జోన్, పైసలను రూపాయికి సర్దే పద్ధతి.

మన ప్రాంతంలో ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఇక్కడి యాపుల్లో కస్టమరు పేరు తెలుగులో ఉండొచ్చు, ఒడియాలో ఉండొచ్చు, ఇంగ్లీషులో ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్ ఉంటుంది. అందులో మామూలుగానే యూటీఎఫ్8ఎంబీ4 ఎన్‌కోడింగ్ వస్తుంది కాబట్టి ఏ లిపి అయినా చక్కగా కనబడుతుంది. చౌకగా దొరికిన షేర్డ్ హోస్టింగులో ఇంకా 5.7 నడుస్తుంటే అక్కడ మామూలుగా వచ్చేది మన లిపులు పట్టని లాటిన్1. టెస్టులో ముత్యాల్లా కనబడిన పేర్లు లైవులో వరసగా ప్రశ్న గుర్తులవుతాయి, లేకపోతే సేవ్ నొక్కగానే ఎర్రర్ వస్తుంది. అలా ప్రశ్న గుర్తులుగా సేవైపోయిన పేరును వెనక్కి తెచ్చే దారి లేదు.

టైమ్ జోన్ సంగతీ అంతే. ల్యాప్‌టాప్ మన టైములో ఉంటుంది, క్లౌడ్ సర్వర్ చాలాసార్లు యూటీసీలో ఉంటుంది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. సర్వర్ తేదీనే నమ్ముకున్న బిల్లింగులో రాత్రి 12 నుంచి తెల్లవారి 5.30 వరకు అమ్మినదంతా ముందు రోజు లెక్కలోకి పోతుంది. మామూలు రోజుల్లో ఎవరూ గమనించరు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో బరంపురంలో అర్ధరాత్రి దాటినా తిండి షాపుల్లో బేరం నడుస్తుంటే అప్పుడు ఓనరుగారి గల్లాపెట్టెకీ మీ రిపోర్టుకీ పొంతన కుదరదు. ఇలాంటి సెట్టింగుని 'టెస్టుకి ఇది, లైవుకి అది' అని రాసుకునే వీలే ఇవ్వకూడదు. ఒకే చోట, ఒకే విలువ.

కోడ్‌లోనే 'అయితే ఇది, కాకపోతే అది'

సర్వర్ పేరు ఫలానా అయితే ఈ పాస్‌వర్డ్, కాకపోతే ఆ పాస్‌వర్డ్ అని కోడ్‌లో షరతు రాయడం మొదటి పద్ధతి. కాలేజీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనబడుతుంది. రహస్యాలు కోడ్‌లో కూర్చుంటాయి, హోస్టింగ్ మారినరోజు షరతు తప్పుతుంది, తప్పినప్పుడు ఎటు పడుతుందో మన అదృష్టం. రాత్రికి రాత్రి డెమో చూపించాలంటే సరే, డబ్బు తీసుకుని చేసే పనికి వద్దు.

ఒక్కో చోటికి ఒక్కో ఫైలు

చాలా ఫ్రేమ్‌వర్కులు దీన్ని పుట్టుకతోనే ఇస్తాయి. రైల్స్‌లో డెవలప్‌మెంట్, టెస్ట్, ప్రొడక్షన్ అని మూడు ఫైళ్ళు తయారుగా ఉంటాయి. స్ప్రింగ్ బూట్‌లో ప్రొఫైల్ పేరుతో అప్లికేషన్ ఫైళ్ళు రాసుకుని, ఏ ప్రొఫైల్ నడవాలో బయటి నుంచి చెప్తాం. డాట్‌నెట్‌లో యాప్‌సెట్టింగ్స్ ఫైలు, దాని మీద ప్రొడక్షన్ ఫైలు. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో సెట్టింగ్స్ ఫైలును ఫోల్డరుగా మార్చి బేస్, టెస్ట్, లైవ్ అని విడగొట్టుకోవడం మనమే చేసుకోవాలి.

రెండో కుప్పకి ఇంతకు మించిన పద్ధతి లేదు. టెస్టుకీ లైవుకీ తేడా ఏమిటని కొత్తగా చేరిన కుర్రాడు అడిగితే రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. తేడా వచ్చేవి మాత్రమే పైఫైళ్ళలో రాయాలి, మిగతావన్నీ బేస్‌లో ఉండాలి. బేస్‌ను మొత్తం కాపీ కొట్టి రెండు ఫైళ్ళు చేసుకుంటే ఆర్నెల్లకి అవి ఒకదానికొకటి సంబంధం లేని ఫైళ్ళవుతాయి.

దీని బలహీనత రహస్యాల దగ్గర బయటపడుతుంది. లైవ్ ఫైలు గిట్‌లో ఉంటుంది కదా, పాస్‌వర్డూ అందులోనే రాసేద్దాం అనిపిస్తుంది. ప్రైవేటు రిపోజిటరీయే కదా అనుకోకండి. 2016లో ఊబర్ డేటా చోరీ జరిగింది అలాగే. ఇంజనీర్లు వాడే ప్రైవేటు గిట్‌హబ్ రిపోజిటరీలోకి బయటివాళ్ళు చొరబడ్డారు, అక్కడ క్లౌడ్ స్టోరేజీ కీలు దొరికాయి, వాటితో 5.7 కోట్ల మంది వివరాలు లాగేశారు. అలా ఒకసారి గిట్‌లోకి వెళ్ళిన పాస్‌వర్డును తర్వాత ఫైల్‌లోంచి చెరిపేసినా పాత కమిట్లలో అలాగే ఉంటుంది. దానికి మందు ఒక్కటే: పాస్‌వర్డు మార్చేయడం.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, డాట్-ఎన్వ్ ఫైలు

2011 ప్రాంతంలో హెరోకు వాళ్ళు రాసిన 'ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్' సూత్రాలతో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. మారే సెట్టింగులన్నీ కోడ్ బయట, ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే నడిచే ప్రోగ్రాముకి సర్వర్ బయటి నుంచి అందించే విలువల్లో, పెట్టమని దాని సారం. అది చెప్పే పరీక్ష నాకు ఇప్పటికీ ఇష్టం: మీ కోడ్‌ను ఈ క్షణాన ఉచితంగా లోకానికి ఇచ్చేస్తే ఒక్క పాస్‌వర్డైనా బయటపడుతుందా? పడదు అంటే మీరు పాసైనట్టు.

చిన్న టీముకి ఇది ఎందుకు నప్పుతుందంటే, ఖర్చు లేదు, ఏ భాషలోనైనా నడుస్తుంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్ అయితే ఆ విలువలు వరసగా రాసుకునే డాట్-ఎన్వ్ (.env) ఫైలుతోనే మొదలవుతుంది. నోడ్‌లో 20.6 వెర్షన్ నుంచి వేరే ప్యాకేజీ అక్కర్లేకుండానే ఆ ఫైలును చదివించొచ్చు. లినక్స్ సర్వర్‌లో సిస్టమ్‌డీ (సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రాము) కింద సర్వీసుగా నడుపుతుంటే ఆ సర్వీసు ఫైల్‌లోనే ఎన్విరాన్‌మెంట్ ఫైలు దారి చెప్పొచ్చు. ఆ ఫైలు రూట్ యూజరు ఒక్కడే చదవగలిగేలా పెట్టినా పని జరుగుతుంది, ఎందుకంటే దాన్ని చదివేది సిస్టమ్‌డీ, మీ యాప్ కాదు.

అయితే గోతులు కూడా ఈ దారిలోనే ఎక్కువ.

అన్నిటికంటే ఎక్కువమంది పడేది: ఎన్విరాన్‌మెంట్‌లో ప్రతిదీ అక్షరాల వరసే. డీబగ్‌కి 'ఫాల్స్' అని రాసి, పైథాన్‌లో దాన్ని నేరుగా బూల్ (నిజమా కాదా చెప్పే) ఫంక్షన్‌కి ఇస్తే వచ్చేది 'ట్రూ'. ఖాళీగా లేని వరస ఏదైనా పైథాన్ లెక్కలో నిజమే మరి. అంటే డీబగ్ ఆపేశానని మీరనుకుంటారు, అది హాయిగా నడుస్తుంటుంది, తప్పు జరిగినప్పుడల్లా మీ కోడ్ ముక్కలతో సహా పేజీ కస్టమరుకి చూపిస్తుంది. అందుకే జాంగో-ఎన్విరాన్, డీకపుల్ లాంటి చిన్న లైబ్రరీతో, ఇది అవును-కాదు రకం, ఇది అంకె అని చెప్పి చదవాలి.

లారవెల్ వాళ్ళకి ఇంకొకటి. లైవులో వేగం కోసం కాన్ఫిగ్ క్యాష్ కమాండు నడిపాక డాట్-ఎన్వ్ ఫైలును అది ఇక చదవదు. కంట్రోలర్‌లో ఎక్కడో నేరుగా ఎన్వ్ ఫంక్షన్ పిలిచి ఉంటే, ఆ విలువ సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్‌లో విడిగా లేనంతవరకు, అక్కడ ఖాళీ వస్తుంది. టెస్టులో క్యాష్ చేయరు కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది. ఎన్వ్ ఫంక్షన్‌ను కాన్ఫిగ్ ఫోల్డరులోని ఫైళ్ళలో తప్ప ఇంకెక్కడా పిలవకపోతే ఈ తంటా ఉండదు.

షేర్డ్ హోస్టింగు వాడేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. ప్రాజెక్టు మొత్తాన్ని హోస్టింగువాడి public_html ఫోల్డరులో పడేసి డొమైన్‌ను దానికే తిప్పితే, మీ డాట్-ఎన్వ్ ఫైలును బ్రౌజర్‌లో అడ్రసు కొట్టి ఎవరైనా దింపుకోవచ్చు. కనబడిన ప్రతి సైటులో ఆ ఫైలు కోసం తడుముకుంటూ తిరిగే బాట్లు నెట్ నిండా ఉన్నాయి. డొమైన్ రూట్ లారవెల్ ప్రాజెక్టు లోపలి పబ్లిక్ ఫోల్డరును మాత్రమే చూపించాలి. హోస్టింగువాడు అలా మార్చనివ్వకపోతే హోస్టింగే మార్చండి.

రియాక్ట్, వ్యూ లాంటి ఫ్రంట్ఎండ్‌లో 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్' అన్న మాట విని అది రహస్యం అనుకునేవాళ్ళు చాలామంది. వీట్ (Vite) అనే బిల్డ్ పరికరంలో 'VITE_' అన్న ముందుమాటతో మొదలయ్యే వేరియబుల్స్, నెక్స్ట్ (Next.js)లో 'NEXT_PUBLIC_' అని మొదలయ్యేవి బిల్డ్ చేసేటప్పుడే జావాస్క్రిప్ట్ ఫైల్‌లో అచ్చవుతాయి. బ్రౌజర్ తెరిచిన ప్రతివాడికీ అవి కనబడతాయి. పేమెంట్ గేట్‌వే పబ్లిక్ కీ అక్కడ ఉండొచ్చు, సీక్రెట్ ఉండకూడదు. పైగా బిల్డ్‌లోనే అచ్చయ్యాయి కాబట్టి టెస్టుకి చేసిన బిల్డును తీసుకెళ్ళి లైవులో పెడితే అది టెస్ట్ ఏపీఐతోనే మాట్లాడుతుంది. సర్వర్‌లో వేరియబుల్ ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు.

తాళం వేసిన ఫైలు గిట్‌లోనే

రహస్యాలను ఎన్‌క్రిప్ట్ చేసి ఆ ఫైలును గిట్‌లో పెట్టుకోవడం నాలుగో పద్ధతి. రైల్స్ 5.2లో, అంటే 2018లో, క్రెడెన్షియల్స్ పేరుతో వచ్చింది. మరుసటి ఏడాది రైల్స్ 6లో టెస్టుకి వేరు, లైవుకి వేరు ఫైళ్ళు పెట్టుకునే వీలు కలిగింది. లారవెల్‌లో 2022 నుంచి డాట్-ఎన్వ్ ఫైలునే ఎన్‌క్రిప్ట్ చేసే కమాండు ఉంది. మిగతా భాషలవాళ్ళకి సాప్స్ అనే ఉచిత పరికరం. అది పేర్లను అలాగే ఉంచి విలువలను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. దాంతో ఏ సెట్టింగు మారిందో గిట్‌లో కనబడుతుంది, ఏమని మారిందో కనబడదు.

టీములో మనుషులు తరచూ మారే మన పరిస్థితికి ఇది డాట్-ఎన్వ్ కంటే మెరుగని నా అభిప్రాయం. సర్వర్ పాడైతే సెట్టింగులు దాంతో పాటు పోవు, గిట్‌లోంచి తెచ్చుకుంటాం. కాపాడుకోవాల్సింది ముప్ఫై పాస్‌వర్డులు కాదు, ఒక్క మాస్టర్ కీ. ఆ కీ కూడా గిట్‌లోనే పెడితే తాళం, తాళంచెవి ఒకే గుమ్మానికి వేలాడదీసినట్టే. కీ పోతే ఫైలు తెరవలేరు కాబట్టి టీములో ఇద్దరి దగ్గర ఉండాలి, ఓనరుగారి దగ్గర సీలు వేసిన కవరులో ఒకటి ఉన్నా తప్పులేదు.

సీక్రెట్ మేనేజర్లు

ఐదో పద్ధతి రహస్యాలను విడిగా దాచే సర్వీసులు: వాల్ట్ లాంటివి, క్లౌడ్ కంపెనీలు అద్దెకిచ్చేవి. యాప్ మొదలయ్యేటప్పుడు వాటిని అడిగి రహస్యాలు తెచ్చుకుంటుంది. ఎవరు ఏది ఎప్పుడు చదివారో రికార్డు ఉంటుంది. అమెజాన్ సీక్రెట్స్ మేనేజర్‌కి ఒక్కో రహస్యానికి నెలకు 0.40 డాలరు, అడిగిన లెక్కకి ఇంకాస్త. అదే అమెజాన్ పారామీటర్ స్టోర్‌లో మామూలు రకం పారామీటర్లు ఉచితం. అమెజాన్‌లోనే సర్వర్ ఉన్నవాళ్ళు రెండోదానితో మొదలుపెట్టడం మేలు. వాల్ట్‌ను సొంతంగా నడపడం మాత్రం ముగ్గురి టీముకి అనవసరపు టెన్షన్. యాప్‌కి కాపలాగా పెట్టిన దానికే ఇంకొకరు కాపలా ఉండాల్సి వస్తుంది.

మన వైపు ఇంకో ఆలోచన ఉంది. రైస్ మిల్లుల్లో, గోడౌన్లలో సర్వర్ ఆఫీసు గదిలోనే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను చావుదెబ్బ కొట్టినప్పుడు చూశాం, కరెంటు, లైన్లు ఎలా పోతాయో. జనరేటరు వేసి సర్వర్‌ను లేపినా, రహస్యాల కోసం అది ముంబైలోని క్లౌడ్ వైపు చూస్తూ కూర్చుంటే బిల్లు రాదు. సర్వర్ స్థలంలోనే ఉన్నప్పుడు రహస్యాలూ స్థలంలోనే ఉండాలి. సర్వర్, సీక్రెట్ మేనేజర్ రెండూ ఒకే క్లౌడ్‌లో ఉంటే ఈ బాధ లేదు.

మరి ఏది తీసుకోవాలి?

షేర్డ్ హోస్టింగులో ఒక్కరే చేస్తున్న పీహెచ్‌పీ పని అయితే డాట్-ఎన్వ్ చాలు, పైన చెప్పిన ఫోల్డరు జాగ్రత్తతో. ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న క్లౌడ్ సర్వర్ మీద నడిపే పనికి నేను సూచించేది జోడింపు: రహస్యం కానివి ఒక్కో చోటికి ఒక్కో ఫైలుగా గిట్‌లో, రహస్యాలు ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్‌లో, మాస్టర్ కీ ఒక్కటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా. మిల్లు గదిలో సర్వర్‌కి కూడా ఇదే. ఒకే యాప్‌ను పాతికమంది కస్టమర్లకు విడివిడిగా నడుపుతుంటే ఫైళ్ళ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఒక్కో కస్టమరుకి ఒక్కో ఫైలు పెంచుకుంటూ పోకుండా, మారే విలువలు ఎన్విరాన్‌మెంట్‌లోనో పారామీటర్ స్టోర్‌లోనో పెట్టండి. కస్టమరు తనే మార్చుకునే బిల్లు హెడింగు, లోగో లాంటివి అసలు సెట్టింగులు కావు, డేటాబేస్‌లో ఉండాల్సిన డేటా.

ఏది తీసుకున్నా తప్పనివి

సెట్టింగు ఎక్కడా దొరకకపోతే యాప్ ఎటు పడాలి? డాట్‌నెట్ కోర్ ఏమీ చెప్పకపోతే తనను ప్రొడక్షన్‌గా భావిస్తుంది, అంటే జాగ్రత్తగా ఉండే వైపు పడుతుంది. జాంగో కొత్త ప్రాజెక్టు ఇచ్చే ఫైల్‌లో డీబగ్ ట్రూ అని ఉంటుంది, అంటే మనం మర్చిపోతే తెరిచిన తలుపే. జాంగో వాడేవాళ్ళు ఆ వరసను తిప్పేసి, చెప్తే తప్ప డీబగ్ నడవకుండా చేసుకోవాలి. లైవుకి పంపేముందు జాంగో చెక్ కమాండును డిప్లాయ్ ఆప్షన్‌తో నడిపితే మర్చిపోయినవి చాలావరకు అదే ఎత్తి చూపిస్తుంది.

యాప్ మొదలయ్యేటప్పుడే అన్ని సెట్టింగులూ చదివి, ఒక్కటి లేకపోయినా పేరు చెప్పి ఆగిపోవాలి. మధ్యాహ్నం రద్దీలో మొదటి పేమెంటు దగ్గర ఆగిపోవడం కంటే అది నయం. రేజర్‌పే అనే పేమెంట్ గేట్‌వే ఇచ్చే కీల పేర్లలోనే టెస్ట్ అనో లైవ్ అనో ఉంటుంది కాబట్టి, లైవ్ సర్వర్‌లో టెస్ట్ కీ కనబడినా, టెస్ట్ సర్వర్‌లో లైవ్ కీ కనబడినా యాప్ లేవకుండా చేసే తనిఖీ రెండు మూడు వరసల పని. వెబ్‌హుక్ (డబ్బు అందిందని గేట్‌వే మన యాప్‌కి పంపే కబురు) కూడా రెండు మోడ్‌లకీ విడివిడిగా పెట్టుకోవాలి. డబ్బు కట్ అయ్యి ఫీజు 'కట్టలేదు' అని చూపిస్తోందంటే నేను మొదట వెతికేది అక్కడే.

ఎస్సెమ్మెస్, మెయిల్ టెస్టులో బయటికి పోకూడదు. జాంగోలో కన్సోల్ బ్యాకెండ్, లారవెల్‌లో లాగ్ మెయిలర్ అందుకే ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌కి మీరే ఒక ఉత్తుత్తి పంపిణీదారుని రాసుకుని, అక్షరాల లెక్క కూడా లాగ్‌లో రాయించండి. ఇంగ్లీషు మెసేజ్ ఒకదానికి 160 అక్షరాలు పడితే, తెలుగు, ఒడియాల్లో 70 మాత్రమే. టెస్టులో ఇంగ్లీషు మెసేజ్‌తో వేసిన ఖర్చు లెక్క లైవులో రెట్టింపు అయ్యేది అక్కడే. డీఎల్‌టీలో (ఎస్సెమ్మెస్ టెంప్లేట్లను టెలికం కంపెనీల దగ్గర నమోదు చేసే వ్యవస్థలో) రిజిస్టరు చేసిన టెంప్లేట్ల నంబర్లు రహస్యాలు కావు, గిట్‌లో ఉండొచ్చు.

వాడని పాత స్విచ్చులు తీసేయండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ ఒక పాత ఫ్లాగును కొత్త పనికి వాడుకుంది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అక్కడ ఆ ఫ్లాగు ఏనాడో వదిలేసిన పాత కోడ్‌ను లేపింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

లైవ్ డేటాబేస్‌ను కాపీ చేసి టెస్టులో పెట్టుకునేవాళ్ళు పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేశాకే పెట్టుకోవాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక కారణం. టెస్ట్ సర్వర్‌లో ఎస్సెమ్మెస్ ఆపడం ఎవరైనా మర్చిపోతే రాయగడలో పేషెంట్లందరికీ అర్ధరాత్రి 'మీ టోకెన్ నంబరు' అని మెసేజ్ వెళ్ళడం ఇంకో కారణం.

టీములోంచి ఒకరు వెళ్ళిపోయే రోజున ఏయే కీలు మార్చాలో ముందే ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి: కీ పేరు, ఎక్కడ మారుస్తారు, మార్చాక ఏ సర్వీసు రీస్టార్ట్ చేయాలి. విలువలు రాయొద్దు. ఆ ఫైలు గిట్‌లోనే ఉండొచ్చు. మొదటిసారి దాన్ని టెస్ట్ సర్వర్ మీద పెట్టి, ఒక మామూలు మంగళవారం, ఎవరూ ఎక్కడికీ వెళ్ళనప్పుడే, వరసగా అన్నీ మార్చి చూడండి. ఆ జాబితాలో లేని కీ ఏదో ఒకటి అప్పుడే బయటపడుతుంది.